రఘునాథ నాయకుడు

రఘునాథ నాయకుడు తంజావూరును పరిపాలించిన నాయకరాజులలో మూడవవాడు. ఈయన పరిపాలనా కాలం 1600 నుండి 1634 వరకు. రాజుగా, యోధునిగా, తెలుగు సంస్కృత కవిగా, వైణికునిగా ప్రసిద్ధి చెందాడు. నేడు కర్ణాటక సంగీతంలో వాడుకలో ఉన్న 24 స్థిరమైన మెట్ల వీణ ఈయన ఆస్థానంలోనే రూపుదిద్దుకున్నదని సంగీత లోకం విశ్వసిస్తుంది. ఆ వీణను ఈయన పేరు మీదుగా రఘునాథ మేళ వీణ అని, తంజావూరు వీణ అని పిలుస్తారు. తెలుగు సాహిత్య చరిత్రలో దక్షిణాంధ్ర యుగంగా వ్యవహరించే కాలానికి ఈయన పాలన ఉచ్ఛదశ.

నేపథ్యం

1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగర సేనలు ఓడిపోయిన తరువాత తెలుగు దేశంలో కవులకు, గాయకులకు ఆశ్రయం సన్నగిల్లింది. అంతకు కొంత పూర్వం నంద్యాల సీమను ఆరవీటి వంశశాఖకు చెందిన ప్రభువులు ఏలుతుండేవారు. పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. నారదుడు తుంబురునితో స్పర్ధ వహించి సంగీతం నేర్చుకోవడం, ఆయన శిష్యుడైన మణికంధరుడు వీణాగానంలో నిష్ణాతుడు కావడం ఆ కావ్యకథకు ఆధారభూతమైన విషయాలు. ఒక చిన్న సీమ ప్రభువు కొలువులో వీణ గురించి ఇంత పట్టుతో రాసిన కావ్యం వెలువడిందంటే, ఆ విద్య అక్కడ ఎంతగా వేళ్ళూనుకుని ఉండేదో ఊహించవచ్చు. తళ్ళికోట తరువాత ఆ ప్రాంతం యుద్ధభూమిగా మారింది. ఆళ్ళగడ్డ సమీపంలోని అహోబిల క్షేత్రం కూడా గోల్కొండ సేనల దాడికి గురై, శ్రీరంగరాయల కాలంలో తిరిగి విజయనగర పాలన కిందికి వచ్చింది.

ఇటువంటి సమయంలో కావేరీ తీరం ప్రశాంతంగా ఉంది. అచ్యుతదేవరాయల మరదలు మూర్తిమాంబను వివాహమాడిన చెవ్వప్ప నాయకుడు 1532 ప్రాంతంలో తంజావూరు నాయకరాజ్యాన్ని స్థాపించాడు. ఆయన కుమారుడు అచ్యుతప్ప నాయకుడు. అచ్యుతప్ప కుమారుడే రఘునాథుడు. పండితులు, సంగీత విద్వాంసులు ఒక్కొక్కరుగా దక్షిణానికి తరలివచ్చి ఈ మూడు తరాల వారిని ఆశ్రయించారు. ఈ మూడు తరాలకూ మంత్రిత్వం నెరపిన వానిగా గోవింద దీక్షితుని పేరు చెబుతారు. ఈయన కన్నడ బ్రాహ్మణుడు, వేద శాస్త్రాలలోను సంగీతంలోను ఉద్దండుడు.

యౌవనం

రఘునాథుడు గోవింద దీక్షితుని పర్యవేక్షణలో విద్యాభ్యాసం చేశాడు. యువరాజుగా ఉన్నప్పుడే పారిజాతాపహరణం అనే కావ్యాన్ని రెండు జాముల వ్యవధిలో ఆశువుగా చెప్పగా, తండ్రి సంతోషించి కనకాభిషేకం చేశాడని ఆస్థాన కవులు వర్ణించారు. కొంత అతిశయోక్తి ఉన్నా, ఆశుకవిత్వాన్ని రాజసభలో ఎంతగా మన్నించేవారో ఈ కథ వలన తెలుస్తుంది.

1600లో అచ్యుతప్ప కుమారుని రాజ్యభారంలో భాగస్వామిని చేశాడు. గోల్కొండ సేనలు పెనుకొండను ముట్టడించినప్పుడు వేంకటపతిరాయలకు సహాయంగా రఘునాథుడు సేనతో తరలివెళ్ళాడు. అందుకు ప్రతిఫలంగా, రాయల చెరలో ఉన్న జింజి పాలకుడు కృష్ణప్ప నాయకుని విడుదల చేయించాడు. ఈ ఉపకారానికి కృష్ణప్ప తరువాతి కాలంలో ఎలా బదులిచ్చాడో కింద చూడవచ్చు. కొల్లిడం సముద్రంలో కలిసే చోట దీవిని ఆశ్రయించుకుని ప్రజలను పీడిస్తున్న సోలగుడనే నాయకుని అణచివేయడం కూడా ఈయన తొలి విజయాలలో ఒకటి.

తోపూరు యుద్ధం

1614లో వేంకటపతిరాయలు మరణించాడు. మరణానికి ముందు అన్న కుమారుడైన శ్రీరంగరాయలను వారసునిగా ప్రకటించాడు. అయితే రాణులలో ఒకరి సోదరుడైన గొబ్బూరి జగ్గరాజు, రాయల కుమారుడని చెప్పబడుతున్న ఒక బాలుని సింహాసనంపై నిలపడానికి పూనుకున్నాడు. శ్రీరంగరాయలను, ఆయన కుటుంబాన్ని వెల్లూరు కోటలో బంధించి చివరకు వధించాడు. వారిలో రామదేవుడనే బాలుడు మాత్రం బ్రతికి బయటపడ్డాడు. వెలుగోటి యాచమ నాయుడు ఆ బాలుని ఒక చాకలి సహాయంతో కోట దాటించాడు. యాచమ నాయుని ఇంటిపేరుకు మూలమైన వెలుగోడు నేటి నంద్యాల జిల్లాలోనే ఉంది.

ఈ దారుణాన్ని సమకాలికుడైన జెసూట్ మతప్రచారకుడు మాన్యుయెల్ బర్రాదాస్ 1616లో రాసిన లేఖలో వివరంగా నమోదు చేశాడు. ఆస్థాన కావ్యాలకు వెలుపలి సాక్ష్యం కావడం వలన ఆ లేఖకు చరిత్రకారులు ఎంతో విలువనిస్తారు.

దక్షిణదేశం రెండుగా చీలిపోయింది. జగ్గరాజు పక్షాన మధుర నాయకుడు ముద్దువీరప్ప చేరాడు. రఘునాథుని చలువ వలన చెర నుండి బయటపడిన జింజి కృష్ణప్ప కూడా అటే చేరాడు. బాలుడైన రామదేవుని పక్షాన యాచమ నాయుడు, రఘునాథ నాయకుడు నిలిచారు. బలాబలాలు చూస్తే ఇది లాభసాటి బేరం కాదు. ఎవరి పక్షమూ వహించక తన సారవంతమైన కావేరీ డెల్టాను కాపాడుకునే అవకాశం రఘునాథునికి ఉంది. కాని రాయల వంశంలో మిగిలిన ఒకే ఒక్క వారసుని పక్షం వహించడానికే ఈయన నిశ్చయించుకున్నాడు.

1616 చివరలో తిరుచిరాపల్లికి, కావేరిపై ఉన్న కల్లణైకి నడుమ తోపూరు వద్ద యుద్ధం జరిగింది. శత్రువులు కావేరి ఆనకట్టను తెగగొట్టారని, రఘునాథుడు దానిని తిరిగి కట్టించాడని కావ్యాలు చెబుతాయి. తంజావూరు పంటపొలాలన్నీ ఆ నీటిపైనే ఆధారపడి ఉన్నందున ఆ దెబ్బ ఎక్కడ తగలాలని కొట్టారో గ్రహించడం కష్టం కాదు. యుద్ధంలో జగ్గరాజు మరణించాడు, ఆయన పక్షం చెదిరిపోయింది. కృష్ణప్ప తన కోటలలో అధికభాగం పోగొట్టుకున్నాడు. రామదేవరాయలకు కుంభకోణంలో పట్టాభిషేకం జరిపించారు. అప్పటికి విజయనగర సామ్రాజ్యం పేరుకు మాత్రమే మిగిలింది. అయినా ఆ పేరు నిలిచింది రఘునాథుని వలననే.

విదేశీయులతో సంబంధాలు

1620లో ఓవె గియెద్దె నాయకత్వంలో వచ్చిన డెన్మార్క్ నావికులకు తరంగంబాడి గ్రామాన్ని వార్షిక కప్పంపై ఇస్తూ రఘునాథుడు ఒడంబడిక చేసుకున్నాడు. డేన్లు అక్కడ డాన్స్‌బోర్గ్ కోటను నిర్మించుకున్నారు. ఆ సందర్భంలో డెన్మార్క్ రాజు నాలుగవ క్రిస్టియన్‌కు బంగారు రేకుపై లేఖ రాయించి పంపాడు. ఆ రేకు కోపెన్‌హేగెన్‌లోని పత్రాగారంలో భద్రపరచబడి ఉంది. యాళ్ళపాణం రాజుకు సహాయంగా సేనలను పంపినా, ఆ రాజ్యం చివరకు పోర్చుగీసుల వశమైంది. ఈ విషయంలో ఆస్థాన కవుల విజయవర్ణనలను యథాతథంగా స్వీకరించరాదు.

రఘునాథ మేళ వీణ

రఘునాథునికి ముందు వీణకు మెట్లు లేకపోలేదు. 1550లో అళియ రామరాయల ఆదరణలో స్వరమేళకళానిధిని రచించిన రామామాత్యుడు శుద్ధ మేళ వీణ, మధ్య మేళ వీణ, అచ్యుతరాజేంద్ర మేళ వీణ అని మూడు రకాలను పేర్కొన్నాడు. వీటిలో ప్రతిదానిలోను ఏకరాగ మేళము, సర్వరాగ మేళము అని రెండు పద్ధతులుండేవి. ఏకరాగ పద్ధతిలో ఒక రాగానికి కావలసిన స్వరస్థానాలలో మాత్రమే మెట్లు ఉంటాయి. రాగం మారితే మెట్లను జరపాలి, లేదా మరొక వీణను చేతికి తీసుకోవాలి. సభలో వరుసగా పలు రాగాలు వాయించవలసిన వైణికునికి ఇది ఎంత ఇబ్బందికరమో చెప్పనక్కరలేదు.

తంజావూరులో జరిగినది ఈ చిక్కును పూర్తిగా తొలగించడం. స్థాయికి 12 స్వరస్థానాల చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లను దండిపై కదలకుండా నిలిపారు. సర్వరాగ మేళం అనే ఊహ రామామాత్యుని నాటికే ఉన్నందున ఇది ఆకాశం నుండి ఊడిపడిన ఆవిష్కరణ కాదు. ఆ ఊహకు శాశ్వతమైన రూపం కల్పించి, దానినే ప్రమాణంగా నెలకొల్పడం తంజావూరు ఆస్థానపు ఘనత.

మెట్ల అమరికలో ఉన్న లెక్కను విద్యార్థులు సులభంగా గ్రహించవచ్చు. మేరువు నుండి గుర్రం వరకు తీగ నిడివిని 100 భాగాలు అనుకుందాం. 12వ మెట్టు సరిగా 50 వద్ద, అంటే సగంలో వస్తుంది. అక్కడ నొక్కితే తారస్థాయి షడ్జం పలుకుతుంది. 24వ మెట్టు 75 వద్ద, అంటే మిగిలిన సగంలో సగం వద్ద వస్తుంది. స్వరస్థానాలన్నీ సమాన అంతరాలతో ఉంటాయనుకుంటే మొదటి మెట్టు మేరువుకు సుమారు 5.6 భాగాల దూరంలో ఉండాలి. చివరి రెండు మెట్ల మధ్య ఎడం ఒకటిన్నర భాగం మాత్రమే. పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరపడడానికి కారణం ఇదే. ఆచరణలో మాత్రం మేళం కట్టేవారు కొలబద్దను నమ్ముకోరు. మసి కలిపిన మైనాన్ని దండికి ఇరువైపులా గట్టుగా పోసి, అది మెత్తగా ఉండగానే మెట్టును అటూ ఇటూ జరుపుతూ, చెవికి సరిపోయిన చోట నిలుపుతారు. మైనం గట్టిపడిన తరువాత మెట్టు కదలదు. మైనం ఎండకు కరగడం, ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసుబారడం వలన మేళాన్ని కొంతకాలానికి ఒకసారి కొత్తగా కట్టించుకోవలసి వస్తుంది.

వీణ తల, బిరడాలు

మెట్లు కదలకుండా నిలిచిపోవడంతో శ్రుతి భారమంతా వీణ తలపై ఉండే బిరడాల మీద పడింది. మెట్టును జరిపి శ్రుతిదోషాన్ని సవరించుకునే వెసులుబాటు ఇక లేదు. తీగ బిగువు ఏ కొంచెం సడలినా 24 స్థానాలలోనూ తప్పు పలుకుతుంది. అందువలన వీణ చేసే వడ్రంగికి కుండను తొలవడం ఎంత ముఖ్యమో, తల భాగంలో గాడి చెక్కి రంధ్రాలు తొలవడం అంతే ముఖ్యమైంది.

వీణను ప్రధానంగా పనస కొయ్యతో చేస్తారు. కుండ, దండి, తల ఒకే మాను నుండి చెక్కితే దానిని ఏకాండ వీణ అంటారు. దండి చివర, యాళి ముఖానికి ముందు ఉలితో లోతైన గాడి తీస్తారు. అది మూతలేని పెట్టెలాగా ఉంటుంది. దాని రెండు పక్కగోడలకు రెండేసి చొప్పున నాలుగు ప్రధాన తంత్రుల బిరడాలు, దండి పక్కన తాళానికి ఉపయోగించే మూడు తంత్రుల బిరడాలు, మొత్తం ఏడు అమరుతాయి.

రంధ్రాన్ని మొదట బరమాతో సన్నగా తొలుస్తారు. తరువాత ఒక కొస సన్నగా, ఒక కొస లావుగా ఉండే పనిముట్టును లోపల తిప్పుతూ రంధ్రాన్ని వాలుగా గీకుతారు. బిరడాను కూడా అదే వాలుతో చెక్కుతారు. ఈ రెండు వాలులు ఒకదానికొకటి అతికినట్లు సరిపోవాలి. బిరడాను లోపలికి నొక్కుతూ తిప్పితే ఆ రాపిడే తీగను బిగువుగా పట్టి ఉంచుతుంది. వాలు ఎక్కువైతే బిరడా వెనుకకు తన్నుకుని వస్తుంది, తక్కువైతే ఇరుక్కుని తిరగదు. రంధ్రం గాడి అంచుకు మరీ దగ్గరైతే కొయ్య నెర్రె విచ్చుతుంది. మెట్టు తప్పితే మైనం కరిగించి మళ్ళీ కట్టవచ్చు. రంధ్రం తప్పితే ఏకాండ వీణ విషయంలో మాను మొత్తం వ్యర్థమైనట్లే. బిరడా జారితే వైణికులు సుద్దపొడి రాసి తిరిగి బిగిస్తారు.

ఇదే కాలంలో ఐరోపాలోని గిటారుకు జంతువుల ప్రేగుతో చేసిన దారాన్ని మెడ చుట్టూ కట్టి మెట్లుగా వాడేవారు. అవి జరపడానికి వీలైనవి. శ్రుతికి కొయ్య బిరడాలే. లోహపు మెట్లు, పళ్ళచక్రాలతో తిరిగే మరబిరడాలు ఆ వాద్యానికి తరువాతి కాలంలో వచ్చి చేరాయి. అటువంటి గిటారు తలపై రెండు పొడవాటి గాడులు చీల్చి, పక్కల నుండి మూడేసి రంధ్రాలు తొలుస్తారు. గాడిలో తీగ చుట్టుకునే ఇరుసు ఉంటుంది, బయట చక్రం ఉంటుంది. రాపిడికి బదులు చక్రపు పళ్ళే ఇరుసును వెనుకకు తిరగనీయవు కనుక ఆ రంధ్రం వాలుగా కాక నిటారుగా, గుండ్రంగా, ఇరుసుకు సరిపడేంత కొలతతో ఉండాలి. మూడు రంధ్రాలు ఒకే వరుసలో, ఒకే ఎడంతో రాకపోతే ఒకే పలకకు బిగించిన మూడు ఇరుసులు లోపలికి పోవు. పోయినా బిగుసుకుని తిరగవు.

ఇటీవలి దశాబ్దాలలో వీణలకు కూడా గిటారు తరహా మరబిరడాలు బిగించడం వాడుకలోకి వచ్చింది. పాత వీణకు వీటిని అమర్చాలంటే వాలుగా ఉన్న పాత రంధ్రాలను కొయ్యముక్కలతో పూడ్చి, జిగురు ఆరిన తరువాత నిటారుగా కొత్తవి తొలవవలసి ఉంటుంది. శ్రుతి చేసుకోవడం సులభమే అయినా తల బరువు పెరుగుతుంది. కొందరు వైణికులు అందుకే కొయ్య బిరడాలను విడిచిపెట్టలేదు.

కర్తృత్వ చర్చ

సంగీతసుధ అనే సంస్కృత లక్షణగ్రంథం రఘునాథుని పేరుతో వెలసింది. ఇది 1940లో మద్రాసు సంగీత విద్వత్సభ ద్వారా ప్రచురితమైంది. అయితే గోవింద దీక్షితుని కుమారుడైన వేంకటమఖి తన చతుర్దండీప్రకాశికలో ఆ గ్రంథాన్ని తన తండ్రి రచనగా పేర్కొన్నాడు. దీనిని బట్టి 24 మెట్ల వీణకు కూడా దీక్షితుడే మూలపురుషుడని వాదించేవారున్నారు.

రాజు పేరు మీద పండితుడు గ్రంథం రాయడం ఆ కాలంలో అపూర్వం కాదు. కాని రఘునాథుని కేవలం పేరు అరువిచ్చిన పోషకునిగా భావించడం కూడా న్యాయం కాదు. జయంతసేన రాగాన్ని, రామానంద తాళాన్ని ఈయనే కల్పించాడని సమకాలిక కావ్యాలు చెబుతున్నాయి. వీణావాదనలో ఈయన ప్రావీణ్యాన్ని ఆస్థాన కవయిత్రులు ప్రత్యేకించి వర్ణించారు. స్వయంగా వాయించేవాడే మెట్లు జరుపుకునే శ్రమ ఎటువంటిదో ఎరుగును. శాస్త్రం దీక్షితునిది, అవసరం రాజుది అనుకుంటే రెండు సంప్రదాయాలకు పొత్తు కుదురుతుంది. ఆ వీణను చేతులతో చెక్కిన వడ్రంగి పేరు మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు.

వేంకటమఖి చతుర్దండీప్రకాశికను రఘునాథుని కుమారుడు విజయరాఘవ నాయకుని కాలంలో రచించాడు. అందులోని వీణా ప్రకరణంలో రఘునాథ మేళ వీణ ప్రసక్తి ఉంది. 12 స్వరస్థానాల ఆధారంగా 72 మేళకర్తలను ఆయన లెక్కగట్టింది ఈ గ్రంథంలోనే. ప్రతి స్వరస్థానానికీ ఒక స్థిరమైన మెట్టు ఉన్న వాద్యం కళ్ళెదుట ఉండడం ఆ లెక్కకు దోహదం చేసి ఉంటుందని భావించవచ్చు.

సాహిత్యం

రఘునాథుని తెలుగు రచనలలో వాల్మీకి చరిత్రము, శృంగార సావిత్రి, ద్విపదలో రాసిన నలచరిత్రము, అసంపూర్ణంగా లభించిన రామాయణము ముఖ్యమైనవి. తండ్రి చరిత్రను వర్ణించిన అచ్యుతాభ్యుదయం లభించలేదు. రాముడు ఈయన ఇలవేల్పు. ఎన్ని ఇతివృత్తాలు స్వీకరించినా మనస్సు రామకథ వైపే మొగ్గేదని రచనల పేర్లే చెబుతున్నాయి.

సారంగధర చరిత్రను కూడా రచించిన చేమకూర వేంకటకవి తన విజయవిలాసాన్ని రఘునాథునికే అంకితమిచ్చాడు. విజయవిలాసం పద్యానికొక చమత్కారంతో నేటికీ పాఠ్యపుస్తకాలలో నిలిచి ఉంది. గోవింద దీక్షితుని మరొక కుమారుడు యజ్ఞనారాయణ దీక్షితుడు సాహిత్యరత్నాకరమనే సంస్కృత కావ్యంలో రాజు చరిత్రను రాశాడు. రామభద్రాంబ అదే చరిత్రను 12 సర్గల రఘునాథాభ్యుదయంగా రచించింది. మధురవాణి రఘునాథుని తెలుగు రామాయణాన్ని సంస్కృతంలోకి మార్చింది. ఈమె కవయిత్రి మాత్రమే కాక వైణికురాలు కూడా. ఒక రాజు యుద్ధచరిత్రను సమకాలికురాలైన స్త్రీ కావ్యంగా రాయడం భారతీయ సాహిత్యంలో అరుదైన విషయం. తోపూరు యుద్ధం గురించి మనకు తెలిసిన దానిలో చాలాభాగం రామభద్రాంబ కావ్యం వలన తెలిసినదే.

అనంతర కాలం

రఘునాథుడు 1634 ప్రాంతంలో మరణించాడు. తరువాత రాజ్యానికి వచ్చిన విజయరాఘవుడు కూడా కవియే. తండ్రి జీవితాన్ని రఘునాథనాయకాభ్యుదయంగా రాశాడు. 1673లో మధుర చొక్కనాథ నాయకుని సేనలతో పోరాడుతూ ఆయన మరణించడంతో తంజావూరు నాయకరాజ్యం అంతరించింది. నాయకరాజుల గ్రంథ భాండారం మరాఠా రాజుల కాలంలో వృద్ధి చెంది సరస్వతీ మహల్ గ్రంథాలయంగా నిలిచింది.

వీణ మాత్రం రాజ్యంతో పాటు అంతరించలేదు. తంజావూరులోను, ఆంధ్రదేశంలో బొబ్బిలి, నూజివీడు ప్రాంతాలలోను వీణల తయారీ వంశపారంపర్య వృత్తిగా కొనసాగింది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో నేటికీ ఏకాండ వీణలు చెక్కుతారు. బొబ్బిలి రాజులు వేంకటగిరి రాజుల వంశశాఖకు చెందినవారు. తోపూరులో రఘునాథుని పక్కన పోరాడిన యాచమ నాయుడు కూడా ఆ వంశంవాడే. బొబ్బిలి వీణకు, తంజావూరు వీణకు భౌగోళిక గుర్తింపు లభించింది.

కుంభకోణంలోని రామస్వామి ఆలయాన్ని రఘునాథుడే కట్టించాడు. రామదేవరాయలకు పట్టాభిషేకం జరిగిన పట్టణం కూడా ఇదే. గర్భగుడిలో సీతారాములు పట్టాభిషేక భంగిమలో ఆసీనులై ఉంటారు. వారి చెంతనున్న హనుమంతునికి ఒక చేతిలో రామాయణ గ్రంథం, మరొక చేతిలో వీణ ఉన్నాయి.